నూటపది పాళ్ళ పాట: ఒక పాటల రచయిత్రి ఆదాయంపై కేస్ స్టడీ

పాటల హక్కుల నమోదు, రాయల్టీ లెక్కల పరిశీలన నా వృత్తి. ఈ కేసును రాసిపెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఇందులో నేను తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం తప్పని తేలింది. ఆ తప్పును దిద్దుకునే క్రమంలో, పాట రాసి బతకడం గురించి నేను అప్పటిదాకా ఖాతాదారులకు చెబుతూ వచ్చిన కొన్ని మాటలను మార్చుకోవలసి వచ్చింది. రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. పేరు, దేశం, భాష, పాటల వివరాలు వదిలేశాను. కేసులోని అంకెలను నిష్పత్తి చెడకుండా కొద్దిగా మార్చాను.

నేపథ్యం

ఆమె పదకొండేళ్లుగా పాటలు రాస్తున్నారు. మొదటి నాలుగేళ్లు ఎవరో డమ్మీ పదాలతో పాడి పంపిన ట్యూన్‌కు సాహిత్యం కూర్చడమే పని. తర్వాత బాణీలు కూడా కట్టడం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఆమె నోటుపుస్తకంలో 74 పాటలున్నాయి. వాటిలో 31 ఒంటరిగా రాసినవి, 43 గాయకులతోనో సంగీతం సమకూర్చినవారితోనో కలిసి చేసినవి. ఆమె పాడరు, వేదిక ఎక్కరు. ఈ ఒక్క వివరం ఈ కేసులో చాలా పెద్దది. పాట పేరుపొందితే గాయకుడికి కచేరీలు పెరుగుతాయి, ఆ సొమ్ము చేతికి వెంటనే వస్తుంది. పాడని రచయితకు ఆ దారి లేదు కనుక, పాట విన్న ప్రతిచోటి నుంచి చిల్లర చిల్లరగా వసూలయ్యే రాయల్టీ మీద, రాసినప్పుడు ముట్టే పారితోషికం మీద ఆధారపడక తప్పదు.

ముందటి సంవత్సరపు ఆదాయాన్ని విడదీసి చూస్తే పారితోషికాలు 60 శాతం, సంగీత పాఠాలు 25 శాతం, రాయల్టీ 15 శాతం ఉన్నాయి. మొత్తం కలిపినా ఎనిమిది నెలల ఖర్చుకు మాత్రమే సరిపోయేది. మిగిలిన నాలుగు నెలలు అప్పుతోనూ ఇంట్లోవారి సాయంతోనూ గడిచేవి.

వచ్చిన సమస్య

"పాట అందరి నోటా ఉందండీ, నా ఖాతాలో మాత్రం లేదు" అన్నారు మొదటి సమావేశంలో. ఆమె పాట ఒకటి అప్పటికి స్ట్రీమింగ్‌లో రెండు కోట్లసార్లకు పైగా వినబడింది. అయినా ఆ పాట పేరు మీద గత రెండున్నరేళ్ల రాయల్టీ పట్టికల్లో ఒక్క పంక్తి కూడా లేదు. దీనికి ఆమె చెప్పుకున్న కారణం స్ట్రీమింగ్ కంపెనీలు రచయితలను దోచుకుంటున్నాయన్నది. ఎంచుకున్న పరిష్కారం మరిన్ని పాటలు రాయడం. నన్ను కలవడానికి ముందు ఏడాది నెలకొకటి చొప్పున పన్నెండు పాటలు రాసి, గాయకులకు డబ్బిచ్చి పాడించి, సొంతంగా విడుదల చేశారు. కొంత సొమ్ము ప్రచారానికీ పోసారు. స్పాటిఫై 2024 నుంచి, అంతకుముందు పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినబడని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ లెక్కకట్టడం లేదు. ఆమె పన్నెండు పాటల్లో ఎనిమిది ఆ గీత దాటలేదు. దాటిన నాలుగింటి రాబడి ఒక్క పాట మిక్సింగ్ ఖర్చుకు కూడా చాలలేదు.

కంపెనీల మీద ఆమె ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఒక రికార్డు పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యమూ బాణీ కలిసిన కృతి ఒకటి, దాన్ని పాడి ముద్రించిన రికార్డింగ్ మరొకటి. బ్రిటిష్ పార్లమెంటు కమిటీ 2021లో స్ట్రీమింగ్ ఆర్థిక వ్యవస్థపై ఇచ్చిన నివేదికలో కనిపించే స్థూలమైన లెక్క ప్రకారం, స్ట్రీమింగ్ వేదికకు వచ్చే నూరు పాళ్ళలో రికార్డింగ్ యజమానికి సుమారు 55, వేదికకు 30, కృతికి 15 దక్కుతాయి. అమెరికాలో కృతికి చట్టబద్ధంగా ఖరారైన ప్రధాన రేటు కూడా 15.1 శాతం దగ్గర మొదలై 2027 నాటికి 15.35కు చేరేలా ఉంది. అంటే సగం వాటా ఉన్న రచయితకు నూటికి ఏడున్నర, అందులోంచి మళ్లీ వసూలు సంస్థ ఖర్చులు, కృతి హక్కులను చూసుకునే పబ్లిషర్ ఉంటే అతని భాగం. ఇది చిన్న మొత్తమే, ఒప్పుకుంటాను. కానీ రెండు కోట్లసార్లు వినబడిన పాటకు చిన్న మొత్తం రావాలి, సున్నా రాకూడదు. చిన్న మొత్తానికీ సున్నాకూ కారణాలు వేరు. మొదటిదాన్ని నేనుగానీ ఆమెగానీ మార్చలేం. రెండోదాన్ని మార్చగలం. మరిన్ని పాటలు రాయడం ఆపమని మొదటి రోజే చెప్పడానికి ఇదే కారణం: కుండకు చిల్లు ఎక్కడుందో చూడకుండా నీళ్లు మోయడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఏం కనబడింది

రచయితల తరఫున రాయల్టీ వసూలుచేసి పంచే కాపీరైట్ సొసైటీలో ఆమె ఖాతాను నోటుపుస్తకంతో పోల్చి చూడటానికి మూడు వారాలు పట్టింది. 74 పాటల్లో సొసైటీ దగ్గర నమోదైనవి 29. ఆ 29లో ఆరు ఆమె కలంపేరు మీద ఉన్నాయి, ఆ కలంపేరును ఆమె ఐపీఐ సంఖ్యతో (హక్కుదారును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఎవరూ ముడిపెట్టలేదు. మరో అయిదింటిలో వాటాలు కలిపితే నూరు దాటాయి. ఎక్కువ పేరుపొందిన ఆ పాట ఈ అయిదింటిలోదే. ఆమె తన వాటా 50 అని నమోదు చేసుకున్నారు, గాయకుడి పబ్లిషర్ 35 అని, సంగీతం సమకూర్చిన వ్యక్తి 25 అని. మొత్తం 110. వాటాలు ఇలా ఢీకొన్నప్పుడు కొన్ని సొసైటీలు తగాదా ఉన్న భాగాన్నే ఆపి మిగిలింది పంచుతాయి, కొన్ని మొత్తం కృతినే నిలిపేస్తాయి. ఆమె సభ్యురాలిగా ఉన్న సంస్థ రెండో రకం. పది పాళ్ళ తగాదాకు నూరు పాళ్ళూ ఆగిపోయాయి.

రచయితలకు నేను తరచుగా విప్పి చెప్పవలసి వచ్చే సంగతి ఇది. రికార్డింగ్‌కు అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండుండే గుర్తింపు కోడ్ ఐఎస్‌ఆర్‌సీ ఉంటుంది, కృతికి టి అక్షరంతో మొదలై పది అంకెలుండే మరో గుర్తింపు కోడ్ ఐఎస్‌డబ్ల్యూసీ ఉంటుంది. పాట విన్నప్పుడు వేదిక పంపే నివేదికలో కనిపించేది ప్రధానంగా మొదటిది. దాన్ని రెండోదానితో జతపరిచే పని ఎక్కడో ఒకచోట జరగకపోతే రికార్డింగ్ సొమ్ము సజావుగా వెళుతుంది, కృతి సొమ్ము మాత్రం యజమాని తేలక నిలిచిపోతుంది. ఇది ఈమె ఒక్కరి అజాగ్రత్త వల్ల వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో 2018 నాటి సంగీత ఆధునికీకరణ చట్టం కింద ఏర్పడిన వసూలు సంస్థకు 2021 ఫిబ్రవరిలో స్ట్రీమింగ్ కంపెనీలు అప్పగించిన, యజమానితో జతపడని పాత రాయల్టీ సుమారు 42.4 కోట్ల డాలర్లు. నిర్ణీత గడువులోగా ఎవరూ అడగని సొమ్మును చాలాచోట్ల మిగతా హక్కుదారుల మధ్య వారి మార్కెట్ వాటా ప్రకారం పంచేస్తారు. అడగనివారి సొమ్ము ఆ విధంగా ఎక్కువ పాటలున్నవారికి చేరుతుంది.

నా తప్పు

నమోదుకాని 45 పాటలను నమోదు చేయడం, కలంపేరును ఐపీఐ సంఖ్యతో కలపడం యాంత్రికమైన పనులు; అవి నెలన్నరలో ముగిశాయి. అయిదు తగాదా పాటల విషయంలో నేను ఆలోచించిన తీరు ఇది: ఆమె దగ్గర డ్రాఫ్టులున్నాయి, తేదీలతో ఈమెయిళ్లున్నాయి, వాయిస్ రికార్డింగులున్నాయి, ఆధారం బలంగా ఉంది కనుక అయిదింటి మీదా ఒకేసారి అభ్యంతరం దాఖలు చేస్తే సొసైటీ ఒకే విచారణలో తేలుస్తుంది, సమయం కలిసివస్తుంది. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి వీల్లేని వాదన. ఆమెను కూడా నేనే ఒప్పించాను.

రెండు నెలల్లో ఫలితం తెలిసింది. అవతలివారంతా ప్రతి అభ్యంతరాలు వేశారు. అంతటితో ఆగకుండా, అంతవరకు ఏ గొడవా లేని రెండు ఉమ్మడి పాటల మీద కూడా వాటా అడిగారు. అవి కూడా నిలుపుదలలోకి వెళ్లాయి. ఆపై ఆమెకు తరచుగా పని ఇచ్చే సంగీత దర్శకుడు ఒకరు ఫోన్ చేయడం మానేశారు. తగాదాలో ఉన్న ఒకరికి ఆయన దగ్గరి స్నేహితుడు. ఆ మూడు నెలల్లో పారితోషికం దాదాపు సగానికి పడిపోయింది.

ఆదాయపు విభజనను నా చేత్తోనే రాసుకున్నాను: పారితోషికం 60, రాయల్టీ 15. ఆ 15ను పెంచడానికి వేసిన ఎత్తు 60ని దెబ్బతీస్తుందేమోనని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లెక్కల మనిషిగా నేను చూసింది హక్కును. ఆమెకు బతుకుతెరువు సంబంధాల మీద నడుస్తోంది. నలుగురు కూర్చుని పాట కట్టే వృత్తిలో పక్కవాడికి లాయరు భాషలో నోటీసు వెళ్లడమంటే ఏమిటో ఆమెకు తెలుసు, మొదట సంకోచించారు కూడా. ఆ సంకోచాన్ని నేను భయంగా అర్థం చేసుకున్నాను.

నిలిచిన పద్ధతి

కొత్త అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకున్నాం. ఏ తగాదా ఎంత విలువైనది అన్న ప్రశ్నను పాటవారీగా వేసుకున్నాం. అయిదింటిలో రెండు పాటలు ఎవరూ పెద్దగా విననివి. వాటిలో అవతలివారు అడిగినదే ఒప్పుకొని ముగించమన్నాను, ఆ రెండింటి మొత్తం ఆదాయం నా ఒక రోజు రుసుముకు కూడా రాదు కనుక. మూడోది ఒక పొరపాటు నమోదు, ఒక ఫోన్‌తో సరిపోయింది. అసలు చర్చంతా నూటపది పాళ్ళ పాట మీద, మరొక పాట మీద నడిచింది.

నూటపది పాళ్ళ పాటలో సంగీతం సమకూర్చిన వ్యక్తి పల్లవి బాణీలో ఒక మలుపు తనదని అన్నారు. పాత వాయిస్ రికార్డింగులు ఆమే, నేనూ కలిసి మళ్లీ విన్నాం. ఆ మలుపు ఆమె మొదటి రికార్డింగులో లేదు. విన్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది ఆయనదే, కానీ పాతిక పాళ్ళ విలువ దానికి లేదు" అన్నారు. నేను ముందుపెట్టిన ప్రతిపాదన ఆమె 50 నుంచి 45కు, ఆయన 25 నుంచి 20కి దిగడం; గాయకుడి పబ్లిషర్ 35 అలాగే ఉంటే మొత్తం సరిగ్గా నూరు. ఆమె అభ్యంతరం న్యాయమైనదే: గాయకుడి వైపు ఎవరూ ఏమీ వదులుకోవడం లేదు, తానెందుకు వదలాలి? నా జవాబు రెండు భాగాలుగా ఉంది. మొదటిది, సొసైటీ నిబంధన ప్రకారం నిలుపుదలలో ఉన్న సొమ్ముకు మూడేళ్ల గడువు. రెండున్నరేళ్లు అప్పటికే గడిచాయి. పబ్లిషర్‌తో వాదన మొదలుపెడితే ఆరు నెలల్లో తేలదు. 45 పాళ్ళు చేతికి రావడానికీ 50 పాళ్ళు కాగితం మీద ఉండటానికీ మధ్య ఎంచుకోవాలి. రెండోది, వాటా తగ్గించుకోవడం వేరు, రచయితగా పేరు వదులుకోవడం వేరు. 1886 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలోకి 1928లో చేరిన నైతిక హక్కుల నిబంధన ప్రకారం కృతికర్తృత్వాన్ని చాటుకునే హక్కు ఆర్థిక హక్కులతో సంబంధం లేకుండా నిలుస్తుంది. పేరు ఎవరూ అడగడం లేదు, అడిగితే ఇవ్వవద్దు.

ఈసారి నోటీసు పంపలేదు. ఆమే ఆ వ్యక్తికి ఫోన్ చేసి, రికార్డింగు విన్నానని, మలుపు ఆయనదేనని చెప్పారు. ఇరవై నిమిషాల్లో ఒప్పుకున్నారట. మూడు పక్షాల సంతకాలతో వాటాల పత్రం అయిదు వారాల్లో సొసైటీకి చేరింది. తర్వాతి పంపిణీలో రెండున్నరేళ్ల సొమ్ము విడుదలైంది.

అయిదో పాట విషయం వేరు. అందులో గాయని ఒక చరణంలో రెండు పదాలు మార్చి పాడి, పదిహేను పాళ్ళు రచయితగా అడిగారు. పదం మారిస్తే వాటా అన్న ఆనవాయితీ ఈ రంగంలో చాలాచోట్ల ఉంది. పెద్ద గొంతుకు పాట చేరాలంటే ఇచ్చుకోక తప్పదని చెప్పేవారూ ఉన్నారు. ఇక్కడ కూడా లెక్క చూస్తే ఒప్పుకోవడమే లాభం. కానీ ఆమె ఒప్పుకోలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు. మొదటి పాటలో వదులుకున్న వాటా నిజంగా జరిగిన పనికి వెళ్లింది. రెండోదానిలో వదులుకుంటే, ఆమె తర్వాత రాసే ప్రతి పాటకూ అడిగినవారికి అడిగినంత అన్న ధర ఖాయమవుతుంది. ఒక పాట సొమ్ము పోవడానికీ రాబోయే పాటలన్నిటి ధర పడిపోవడానికీ తేడా ఉంది.

ఇదే సమయంలో ఒక పబ్లిషర్ ఆమె పాటలన్నిటి మీద అడ్వాన్సు ఇస్తామని వచ్చారు. అప్పు తీరేంత మొత్తం కనుక ఆమె మొగ్గు చూపారు. అడ్వాన్సు బహుమతి కాదు, రాబోయే రాయల్టీలోంచి తిరిగి రాబట్టుకునే సొమ్ము. పైగా నిలుపుదలలో ఉన్న పాటలెన్ని, వాటి నిజమైన రాబడి ఎంత అన్నది అప్పటికి మాకే తెలియదు. ఎంత పండుతుందో తెలియని పొలాన్ని దీర్ఘకాలం కౌలుకిచ్చినట్టవుతుందని వద్దన్నాను. పదినెలల తర్వాత, లెక్కలు శుభ్రపడ్డాక, ఆమె మరొక సంస్థతో విదేశాల వసూళ్లకు మాత్రమే మూడేళ్ల నిర్వహణ ఒప్పందం చేసుకున్నారు. వసూలులో 15 శాతం కమిషన్, హక్కు ఆమె పేరు మీదే.

పారితోషికం వైపు కూడా ఒక మార్పు చేశాం. అంతవరకు ఏ పాటకైనా ఒకే రకమైన కాగితం మీద, ఒకే మొత్తానికి, సర్వహక్కులూ రాసిచ్చేవారు. ఇకపై ఒక ప్రశ్న వేసుకోమన్నాను: ఈ పాట రాయల్టీ వసూలయ్యే చోట పదేపదే వినబడుతుందా? వినబడే అవకాశం ఉంటే, ముఖ్యంగా డబ్బు లేని కొత్త గాయకులకు రాస్తున్నప్పుడు, పారితోషికం తగ్గించుకొని రచయిత వాటా ఉంచుకోవచ్చు. ఒక సంస్థ లోపలి కార్యక్రమానికి రాసే పాట ఇంకెక్కడా వినబడదు. అక్కడ వాటా కోసం పట్టుబట్టడం వృథా, పూర్తి మొత్తం అడగాలి. ప్రకటనల జింగిల్స్‌కు కాలపరిమితి పెట్టమన్నాను, ఏడాదికి ఇంత, మళ్లీ వాడితే మళ్లీ ఇంత అని. మొదటి రెండు ప్రకటనల వాళ్లు ఈ షరతు చూసి వేరేవారి దగ్గరికి వెళ్లిపోయారు. మూడోవారు ఒప్పుకున్నారు, ఏడాది తిరిగాక పొడిగించుకున్నారు. ఒక్క అక్షరం కొత్తగా రాయకుండా వచ్చిన ఆ పొడిగింపు రుసుము అంతకుముందు ఏడాది మొత్తం రాయల్టీ కంటే ఎక్కువ.

పద్దెనిమిది నెలల తర్వాత

ఒకేసారి విడుదలైన పాత సొమ్మును లెక్కలోంచి తీసేశాను, అది మళ్లీ రాదు కనుక. మిగిలినదాన్ని చూస్తే రాయల్టీ ఆదాయంలో సుమారు మూడోవంతు అయింది. పారితోషికం కొంచెం తక్కువగా సగం దగ్గర ఉంది. పాఠాలు అయిదోవంతు. మొత్తం కలిపి పన్నెండు నెలల ఖర్చు మొదటిసారి గట్టెక్కింది, అతి సన్నగా. పాఠాలు మానేయమని నేను చెప్పలేదు, ఆమె కూడా మానలేదు. దూరమైన సంగీత దర్శకుడు తిరిగి పిలవలేదు. ఆ నష్టం నా ఖాతాలోది.

నేర్చుకున్నవి

వాటాల పత్రం గురించి ప్రతి రచయితకూ చెబుతాను, అందరూ తలూపుతారు, పాట పూర్తయిన సాయంత్రం ఎవరూ దాని మాట ఎత్తరు. పాట ఇంకా ఎవరికీ చేరని ఆ సాయంత్రం పది పాళ్ళ విలువ ఎవరికీ తెలియదు, అందుకే అప్పుడు ఒప్పుకోవడం తేలిక. రెండు కోట్లసార్లు వినబడ్డాక అదే పది పాళ్ళకు పబ్లిషర్లు, లాయర్లు వస్తారు. ఈమె ఇప్పుడు స్టూడియోలోంచి బయటికి వచ్చేముందు ఎవరి భాగం ఎంతో ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి, అదే రాత్రి అందరికీ రాసి పంపుతున్నారు. చట్టపరంగా అది సంతకాల పత్రానికి సాటి రాదు. కానీ జరగని మంచి పద్ధతి కంటే జరిగే ఓ మోస్తరు పద్ధతి నాకు ఉపయోగపడింది. ఆ తర్వాత రాసిన పద్నాలుగు ఉమ్మడి పాటల్లో ఒక్కటీ నిలుపుదలలోకి వెళ్లలేదు.

నా పద్ధతిలో మారింది మొదటి సమావేశం. ఇంతకుముందు పాటల జాబితా అడిగేవాడిని. ఇప్పుడు దానితోపాటు గత రెండేళ్లలో పని ఇచ్చినవారి జాబితా కూడా అడుగుతాను. రెండింటిలోనూ ఉన్న పేర్లకు ఎర్రగీత గీస్తాను, ఆ పేర్ల మీద ఏ కాగితం వెళ్లాలన్నా ముందు రచయిత ఫోన్ చేయాలి.

గాయని పాట సొమ్ము ఇంకా ఆగే ఉంది. దాని గడువు మరో నాలుగు నెలల్లో ముగుస్తుంది, ఆపై మిగతా సభ్యుల పంపిణీలో కలిసిపోతుంది. ఎంత పోతుందో అంచనా కట్టి, నిర్ణయం మార్చుకునే వీలు ఇంకా ఉందని ఆమెకు రాతపూర్వకంగా తెలియజేశాను. ఆమె జవాబు ఒక్క మాటలో వచ్చింది: "కలవనివ్వండి."